జవాను రాసిన ప్రేమ ఉత్తరాలు: మన జిల్లా దుకాణాల్లో ఏ పని చేయించొచ్చు, ఏది వద్దు

పాత సందూకలో మిలటరీ ఉత్తరాల కట్ట బయటపడిందంటే మన దగ్గర చాలామంది ముందు పోయేది లామినేషన్ దుకాణానికే. నల్గొండ గడియారం దగ్గరైనా, మహబూబ్‌నగర్ న్యూటౌన్‌లోనైనా పని పది నిమిషాల్లో అయిపోతుంది. కాయితం తళతళ మెరుస్తుంది, చేతికి గట్టిగా తగులుతుంది, ఇక నూరేళ్లు ఢోకా లేదనిపిస్తుంది. అందుకే ఈ సమీక్ష లామినేషన్‌తోనే మొదలు.

జిల్లా కేంద్రంలో దొరికే సేవలు ఐదు: లామినేషన్, ప్లాస్టిక్ కవర్ల ఫైలు, ఫ్రేము, డీటీపీ టైపింగ్, స్కానింగ్. సరిహద్దులో ఉన్న జవాను ఊళ్లో తనకోసం ఎదురుచూసే పిల్లకు రాసిన ఉత్తరానికి వీటిలో ఏది మేలు చేస్తుంది, ఏది చెరుపు చేస్తుంది అన్నదొక్కటే ఇక్కడి కొలత. దుకాణాల పేర్లు రాయడం లేదు. యంత్రం, సామాను ఒకటే అయినప్పుడు ఫలితం కూడా దాదాపు ఒకటే.

ఏ ఉత్తరాలు కట్టలో ఉండాలన్నది ముందు తేల్చుకోవాలి. ఉమ్మడి కుటుంబంలో టపాలో వచ్చిన జాబును నలుగురి ముందు ఎవరో ఒకరు గట్టిగా చదివేవారు. కాబట్టి మేనమరదలితో పెండ్లి ఖాయమైన జవాను కూడా ఆమె పేరున రాయడానికి జంకి, మేనమామ పేరునో బావమరిది పేరునో రాసేవాడు. ఆమెకు చెప్పాల్సింది చివరి రెండు పంక్తుల్లో, 'అందరినీ అడిగిన అని చెప్పు' అనే దాని పక్కన ఇరికిస్తాడు. పేరు చూసి 'ఇది తాతకు రాసింది, ఇది ఆమెకు రాసింది' అని వేరు చేస్తే అసలు ప్రేమ ఉత్తరాలే కట్టలోంచి జారిపోతాయి. ఒకే చేతిరాత ఉన్న ప్రతి కాయితం, దాని కవరుతో సహా, కట్టలోనే ఉండాలి.

లామినేషన్: పదికి సున్నా

లామినేషన్ పౌచ్‌లో రెండు పొరలు ఉంటాయి. బయటిది గట్టి పాలిస్టర్, లోపలిది వేడికి కరిగే జిగురు. నూరు డిగ్రీలు దాటిన రోలర్ల మధ్య నుంచి యంత్రం దాన్ని లాగుతుంది, జిగురు కరిగి కాయితం పోగుల్లోకి ఇంకుతుంది. ఇంకినాక దాన్ని మళ్లీ వేరు చేసే ఉపాయం ఇంట్లో లేదు, దుకాణంలోనూ లేదు. ఇది చాలు వద్దనడానికి. అయినా ఈ ఉత్తరాలకు ప్రత్యేకంగా జరిగే నష్టం ఇంకా ఉంది.

ఇన్‌ల్యాండ్ లెటర్, అంటే రాసినాక తననే మడిచి కవరుగా అంటించే ఉత్తరం, మామూలు కాయితం కాదు. మన దేశంలో 1950 అక్టోబర్ 2న మొదలైన ఈ నీలి కాయితానికి మడతలే ప్రాణం. లోపల ఒక పక్క నిండా రాసి, చోటు చాలక మడిచే రెక్క మీద, అంచుల వెంబడి నిలువుగా కూడా రాస్తారు. మడత పెట్టిన ఉత్తరాన్ని అట్లాగే లామినేషన్ చేయిస్తే అడ్రసు మాత్రమే కనబడుతుంది, లోపలి మాట శాశ్వతంగా మూతపడుతుంది. విప్పి చేయిస్తే మడత దగ్గర చిరిగిన కాయితం రోలర్లలో జరిగి, ఒక అక్షరం మీద ఇంకో అక్షరం ఎక్కి అతుక్కుంటుంది.

సిరా సంగతి అంతకన్నా నాజూకు. బాల్‌పెన్ సిరా నూనె తత్వంది. వేడికి, జిగురుకు మెత్తబడి అంచుల్లో పాకుతుంది. ఫౌంటెన్ పెన్ నీలి సిరా తడికి కరుగుతుంది. మూడోది కాపీయింగ్ పెన్సిల్. 1940ల నాటి మిలటరీ ఉత్తరాల్లో ఇది తరచు కనబడుతుంది. చూడ్డానికి మామూలు పెన్సిల్ రాతే, కానీ దాని ముక్కులో రంగు కలిపి ఉంటుంది. చెమట తగిలినా చాలు, ఊదా రంగుకు తిరిగి మరక కడుతుంది. పెన్సిల్ రాతలో అక్కడక్కడ ఊదా చుక్కలు కనబడితే అది ఇదే. దాని దగ్గరికి వేడినీ తడినీ రానీయకూడదు.

'ఆర్కైవ్స్ వాళ్లే లామినేషన్ చేస్తారు కదా' అనే మాట దుకాణాల్లో వినబడుతుంది. పాత పత్రాలు భద్రపరిచే ఢిల్లీ జాతీయ ఆర్కైవ్స్‌లో రూపుదిద్దుకున్న పద్ధతి వేరు. అక్కడ సెల్యులోజ్ అసిటేట్ రేకు, పల్చటి టిష్యూ కాయితం పెట్టి, వేడి లేకుండా, ఆ రేకును కరిగించే అసిటోన్ అనే ద్రవంతో చేత్తో అతికేవారు. అవసరమైతే అసిటోన్‌తోనే విప్పొచ్చు. దుకాణంలోని పౌచ్‌కు, దానికి పేరొక్కటే సామ్యం.

ఇప్పటికే లామినేషన్ అయిపోయినవి ఉంటే పొర లాగొద్దు, అంచులు కత్తిరించొద్దు. అంచు తెగితే తేమ లోపలికి దారి పడుతుంది, రెండు పొరల మధ్య బూజు పడుతుంది. బల్లపరుపుగా ఉంచి, ఎండకు దూరంగా పెట్టి, వెంటనే స్కాన్ చేయించుకోవాలి.

ప్లాస్టిక్ కవర్ల ఫైలు: కొనే ముందు నీళ్లలో వేసి చూడాలి

సర్టిఫికెట్లు పెట్టుకునే ఫైలు అందరికీ తెలిసిందే. ఇందులో మంచివీ ఉన్నాయి, చెడ్డవీ ఉన్నాయి, చూపుకు రెండూ ఒకటే. మెత్తగా, జిడ్డుగా, కొత్త రెయిన్‌కోటు వాసన కొట్టేది పీవీసీ. దాన్ని మెత్తగా ఉంచేందుకు కలిపిన నూనెలు ఏళ్లు గడిచేకొద్దీ బయటికి ఊరతాయి, బాల్‌పెన్ అక్షరాలను కాయితం నుంచి లాక్కుంటాయి. పాత ఫైలులోంచి ఉత్తరం తీసినప్పుడు ప్లాస్టిక్ మీద తిరగరాత అక్షరాలు కనబడితే కారణం ఇదే. పైగా పీవీసీ పాతబడ్డాక ఆమ్లపు ఆవిరి వదులుతుంది, కాయితం పసుపెక్కి పెళుసుబారుతుంది.

దుకాణంలోనే చేయగల పరీక్ష ఒకటుంది. కవరు మూల నుంచి గోరంత ముక్క కత్తిరించి, చుక్క సబ్బు కలిపిన గ్లాసు నీళ్లలో ముంచి వదలాలి. సబ్బు ఎందుకంటే ముక్కకు గాలి బుడగలు పట్టి లెక్క తప్పకుండా. మంచి కవర్లకు వాడే పాలీప్రొపిలీన్ నీటికంటే తేలిక, పైకి వస్తుంది. పీవీసీ మునుగుతుంది. పాలిస్టర్ కూడా మునుగుతుంది కానీ అది బిరుసుగా, వాసన లేకుండా, వేలితో మీటితే టకటకమంటుంది. కాబట్టి తేలితే తీసుకోవచ్చు. మునిగి, మెత్తగా ఉండి, వాసన కొడితే అక్కడే వదిలేయాలి.

మంచి కవరులోనైనా ఒక్కోదాంట్లో ఒక్క ఉత్తరమే పెట్టాలి. నోరు ఒక పక్క తెరిచే ఉంచాలి. సెల్లో టేప్‌తో మూస్తే వానాకాలపు తేమ లోపలే ఉడుకుతుంది. పెన్సిల్‌తో రాసిన ఉత్తరాలకు ప్లాస్టిక్ అసలే వద్దు. ప్లాస్టిక్‌లో పుట్టే విద్యుత్తు పెన్సిల్ పొడిని లాగుతుంది. వాటిని ఆమ్లం లేని తెల్ల కాయితం మడతలో పెట్టాలి. కాయితంలో ఆమ్లం ఉందో లేదో గీత గీసి చూసే పీహెచ్ పెన్ను ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. గీత ఊదాకు తిరిగితే వాడుకోవచ్చు, పసుపుగా ఉండిపోతే వద్దు. గీసేది కొత్త కాయితం మీదే, ఉత్తరం మీద ఎన్నడూ కాదు.

ఇక పెట్టె. కొత్త ప్లాస్టిక్ డబ్బా కన్నా ఇంట్లో ఉన్న ఇనుప సందూకో బిస్కెట్ డబ్బానో చాలాసార్లు మేలు. తుప్పు లేకపోవాలి, లోపల తెల్ల కాయితం పరవాలి, అంతే. చెప్పుల అట్టపెట్టె మాత్రం పనికిరాదు. ఆ అట్టలోని ఆమ్లం కాయితంలోకి పాకుతుంది. రబ్బరు బ్యాండు ఎండకు కరిగి ఉత్తరానికి అంటుకుంటుంది. బదులుగా వెడల్పాటి తెల్ల నూలు నాడా వదులుగా కట్టాలి. తుప్పు పట్టిన గుండుసూదిని బలవంతంగా లాగితే రంధ్రం చుట్టూ కాయితం ఊడి వస్తుంది. సూదికీ కాయితానికీ మధ్య రెండు వైపులా సన్న ప్లాస్టిక్ ముక్క దూర్చి, సూదిని కదలకుండా పట్టుకొని కాయితాన్ని మెల్లగా జరపాలి.

డాంబర్ గోలీలు ఉత్తరాల మధ్య వేయడం మన ఇండ్లల్లో అలవాటు. ఆ ఆవిరి కొన్ని ప్లాస్టిక్‌లను మెత్తబరుస్తుంది, కాయితం మీద మళ్లీ గడ్డకడుతుంది. ఎండు వేపాకు వేయొచ్చు కానీ పలచటి గుడ్డ మూటలో, కాయితానికి తగలకుండా మూలకు. పురుగుకు అసలు మందు శుభ్రం. ఉత్తరాలున్న అరలో తినేది ఏదీ ఉండకూడదు, ఏడాదికి రెండుసార్లు తీసి చూడాలి. మే నెలలో నల్గొండ ఎండ 44 డిగ్రీలు దాటే ఇండ్లల్లో సజ్జ మీద, రేకుల కప్పు కింద పెట్టొద్దు. వానాకాలంలో షాబాద్ బండల నేల చెమర్చినప్పుడు కింద పెట్టొద్దు, చెదలు కూడా అక్కడి నుంచే ఎక్కుతాయి. స్నానాల గదికి ఆనని గోడ దగ్గర, బీరువా నడిమి అర సరైన చోటు. లోపల తేమ పీల్చే సిలికా జెల్ పొట్లం పెట్టి, గింజల రంగు మారినప్పుడు 110 డిగ్రీల ఓవెన్‌లో రెండు గంటలు కాలిస్తే మళ్లీ పనిచేస్తుంది.

కట్టలో ఎండిన చామంతి రేకులో, స్టూడియోలో దిగిన ఫొటోనో ఉంటే వాటిని వేరే కాయితపు కవరులో పెట్టి అదే నంబరు వేయాలి. ఫొటో ఎదురుగా ఉన్న కాయితానికి తేమలో అంటుకుంటుంది, పువ్వు మరక విడుస్తుంది. ఏ ఉత్తరంలోంచి తీశారో ఆ నంబరు తప్పిపోతే మాత్రం ఆ పువ్వుకు అర్థం పోతుంది. పెండ్లి ఖాయమైనాక వచ్చిన ఉత్తరం మూలలకు పసుపు పూసి ఉండొచ్చు. అది మరక కాదు, తుడవొద్దు. పసుపు రంగు వెలుతురుకు తొందరగా వెలిసిపోతుంది కాబట్టి ఆ ఉత్తరాన్ని చీకట్లోనే ఉంచాలి.

ఫ్రేము

అసలు ఉత్తరాన్ని గోడకు వేలాడదీయొద్దు. వెలుతురుకు పోయిన సిరా తిరిగి రాదు. ఫ్రేము దుకాణంలో వెనక ప్లైవుడ్ పెట్టి, తెల్ల జిగురుతో అతికి, అద్దాన్ని కాయితానికి ఆనించి బిగిస్తారు. ఈ మూడూ తప్పులే. మంచి స్కాన్ తీయించి దాని రంగు ప్రింటును ఫ్రేము కట్టిస్తే నిండుగా ఉంటుంది. ముందే చెప్తే అద్దానికీ కాయితానికీ మధ్య అట్ట అంచు పెడతారు, అదనపు ఖర్చు కొద్దిగానే అవుతుంది.

డీటీపీ టైపింగ్: పని బాగుంటుంది, కానీ మూడు షరతులు

చేతిరాతను అక్షరం అక్షరం చదివి కొట్టే ఓపిక మన డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ ఉంది. పెండ్లి పత్రికలు, కరపత్రాలు కొట్టి కొట్టి పాత చేతిరాతలు చదవడంలో వాళ్ల కన్ను ఆరితేరింది. యంత్రం తెలుగు చేతిరాతను ఇంకా అంత నమ్మకంగా చదవలేదు. కాబట్టి ఈ సేవకు డబ్బు పెట్టడం దండగ కాదు. అయితే చెప్పకపోతే మూడుచోట్ల పని చెడుతుంది.

మొదటిది ఫాంటు. చాలా సెంటర్లలో ఇంకా అను ఫాంట్లలో కొడతారు. ఆ ఫైలు వేరే కంప్యూటర్‌లో తెరిస్తే అర్థంలేని గీతలు వస్తాయి, ఫోన్‌లో చదవలేం, ఒక పేరు కోసం వెతకలేం. పని ఇచ్చేటప్పుడే 'యూనికోడ్‌లో కావాలి' అని రాయించుకోవాలి. తీసుకునేటప్పుడు ఒక పేజీని ఫోన్‌కు పంపించుకొని అక్కడే తెరిచి చూడాలి.

రెండోది దిద్దుబాటు. ఇది అన్నింటికన్నా పెద్ద నష్టం. ఆపరేటర్ మంచి ఉద్దేశంతోనే 'గట్ల'ను 'అట్లా' చేస్తారు, 'వస్త'ను 'వస్తాను' చేస్తారు, 'యాదికొస్తున్నవ్'ను 'గుర్తొస్తున్నావు' చేస్తారు. దేవరకొండ తండ్రికీ మిర్యాలగూడ తల్లికీ పుట్టి, కాశ్మీరు మంచులో కూర్చొని రాసినవాడి గొంతు ఆ ఒక్క అక్షరంలోనే ఉంది. పుస్తకాల తెలుగులోకి మారిన ఉత్తరం ఎవరు రాసిందైనా కావొచ్చు. 'తప్పులతో సహా ఉన్నది ఉన్నట్టు' అని మొదటి కాయితం మీద ఎర్ర సిరాతో రాసి ఇవ్వాలి. చదవరాని మాట దగ్గర ఊహించి కొట్టకుండా మూడు చుక్కలు పెట్టమనాలి. కొట్టివేసిన మాటను కూడా కొట్టివేతతోనే ఉంచమనాలి. ఏం రాయబోయి ఆగాడో చెప్పేది అదే.

మొదటి పంక్తి విషయం కూడా ఇక్కడే. 'నేనిక్కడ క్షేమం, అక్కడ మీరంతా క్షేమమని తలుస్తా' అన్న మాట ప్రతి ఉత్తరంలో ఉంటుంది కాబట్టి పని తగ్గించుకునేందుకు దాన్ని వదిలేస్తారు. వదలనీయొద్దు. యాభై ఉత్తరాల్లో ఆ పంక్తి ఉండి ఒక్కదాంట్లో లేదంటే, ఆ ఒక్క ఉత్తరం ఏ తొందరలో రాసిందో, లేదా ఏం జరిగిన మర్నాడు రాసిందో ఆలోచించాల్సిందే. తేదీ చూస్తే చాలాసార్లు జవాబు దొరుకుతుంది. 1971 డిసెంబర్ 3 నుంచి 16 దాకా, 1965 సెప్టెంబర్‌లో, 1999 మే నుంచి జులై దాకా, అంటే పాకిస్తాన్‌తో యుద్ధాల రోజుల్లో పడ్డ తేదీలను కట్టలో వేరుగా గుర్తు పెట్టుకుంటే మంచిది.

మూడోది సైనిక పదాలు. హోదా, దళం, యూనిట్ అన్నీ పొడి అక్షరాల్లో ఉంటాయి. ఎల్ పక్కన ఎన్‌కే అంటే లాన్స్ నాయక్, హెచ్ఏవీ అంటే హవల్దార్, ఈఎంఈ అంటే వాహనాలూ యంత్రాలూ బాగుచేసే దళం. టైపింగ్‌లో ఇవి ఊరిపేర్లుగా మారిపోతాయి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వచ్చే రిటైర్డ్ జవాన్లకు చూపిస్తే చాలావరకు అక్కడికక్కడే విప్పి చెప్తారు. 1940ల నాటి కవరు మీద '19 హైదరాబాద్ రెజిమెంట్' అని ఉంటే నిజాం సైన్యమని రాసుకోవద్దు. అది బ్రిటిష్ ఇండియా సైన్యంలోని రెజిమెంటు. 1945లో దాని పేరు కుమావూన్ రెజిమెంట్‌గా మారింది. ఆ కాలపు ఉత్తరం ఉర్దూలో ఉన్నా, ఇంగ్లీషు లిపిలో ఉర్దూగా ఉన్నా ఆశ్చర్యం లేదు. నిజాం రాజ్యంలో చదువు ఉర్దూలో, సైన్యంలో నేర్పింది రోమన్ ఉర్దూ. అట్లాంటివాటిని తెలుగు డీటీపీకి ఇవ్వకుండా ఉర్దూ చదవగలిగిన పెద్దలతో చదివించి, తెలుగు అనువాదాన్ని మూలం పక్కనే ఉంచాలి.

తేదీ లేని ఉత్తరాలు ప్రతి కట్టలోనూ నాలుగైదు ఉంటాయి. వాటి వరుస కుదర్చడానికి కాయితమే సాక్ష్యం చెప్తుంది. కాయితం మీద అచ్చైన స్టాంపులో అణాలు ఉంటే 1957 ఏప్రిల్‌లో దశాంశ నాణేలు రాకముందు అచ్చైంది. 'నయా పైసా' అని ఉంటే 1957కూ 1964కూ మధ్య అచ్చైంది. అచ్చైన కాయితం ఇంట్లో కొన్నేళ్లు పడి ఉండొచ్చు కాబట్టి ఇది 'ఇంతకు ముందు కాదు' అని మాత్రమే చెప్తుంది. అడ్రసు కింద పిన్‌కోడ్ గళ్లు అచ్చై ఉంటే 1972 ఆగస్టు 15 తర్వాతిది, అంటే 1971 యుద్ధం నాటిది కాదు. 5 పైసల శరణార్థుల సహాయ స్టాంపు అంటించి ఉంటే 1971 నవంబర్ 15 తర్వాతిది. బంగ్లాదేశ్ శరణార్థుల కోసం ఆ పన్ను ఆ రోజు నుంచే మొదలైంది.

ఎక్కడి నుంచి రాశాడన్నది మాత్రం కవరు చెప్పదు. చెప్పకూడదన్నదే ఆ ఏర్పాటు. '56 ఏపీఓ' అంటే ఢిల్లీ కేంద్రంగా, '99 ఏపీఓ' అంటే కోల్‌కతా కేంద్రంగా నడిచే సైనిక తపాలా చిరునామా. ముద్రలో ఉండేది ఫీల్డ్ పోస్టాఫీసు నంబరు, తేదీ, అంతే. అందుకే ఉత్తరంలో ఊరిపేరు ఉండదు, 'ఇక్కడ చలి బాగా ఉంది' అన్న మాట ఉంటుంది. టైపింగ్‌లో ఆ చలిని చూసి లడఖ్ అనో, వాన చూసి అస్సాం అనో శీర్షికలు పెట్టేస్తుంటారు. ముద్రలో ఉన్న నంబరు రాసి ఊరుకోవాలి.

ఈ ముద్రల వల్లే పాత స్టాంపులు కొనేవాళ్లు కవర్లను మాత్రం అడుగుతారు. ఉత్తరం ఉంచుకొని కవరు ఇచ్చేసినా, స్టాంపు కత్తిరించినా తేదీకీ యూనిట్‌కీ ఉన్న ఆధారం పోయినట్టే.

టైపింగ్‌కు అసలు ఉత్తరం ఇవ్వొద్దు. కీబోర్డు పక్కన టీ గ్లాసు ఉంటుంది, పైన ఫ్యాను తిరుగుతుంది. స్కాన్ ప్రింట్ ఇవ్వాలి. అంటే అన్నిటికన్నా ముందు జరగాల్సింది స్కానింగే.

స్కానింగ్: డబ్బు పెట్టాల్సింది ఇక్కడ

జిరాక్స్ సెంటర్‌లో 'స్కాన్ చేయండి' అంటే పైన ట్రేలో కాయితాలు పేర్చి మీట నొక్కుతారు. పాత ఇన్‌ల్యాండ్‌ను ఆ ట్రేలో వేస్తే మడత దగ్గర రెండు ముక్కలు కావడం ఖాయం. 'అద్దం మీద పెట్టి ఒక్కొక్కటి' అని ముందే ఒప్పించుకోవాలి. రేటు ఎక్కువ అడుగుతారు, న్యాయమే. రద్దీ లేని మధ్యాహ్నం పోతే ఓపికగా చేస్తారు.

చెప్పాల్సిన సెట్టింగులు ఇవి. రంగులో, 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు), టిఫ్ ఫైలు (బొమ్మ నాణ్యత తగ్గకుండా దాచే రకం). మామూలుగా వాళ్లు ఇచ్చేది 200 డీపీఐ నలుపు తెలుపు పీడీఎఫ్. అందులో వెలిసిన నీలి సిరా మాయమవుతుంది, పెన్సిల్ రాత చెరిగిపోతుంది, తపాలా ముద్ర నల్ల మచ్చగా మిగులుతుంది. ఏ4 సైజు పేజీ 600 డీపీఐ రంగులో 4960 బై 7016 చుక్కలు, సుమారు 104 ఎంబీ. 300లో అయితే 26 ఎంబీ. ఇన్‌ల్యాండ్ అంతకన్నా చిన్నదే అయినా లెక్కకు ఏ4 అనుకుంటే మంచిది. యాభై ఉత్తరాలకు కవరు, లోపలి పక్క, బయటి పక్క అని మూడేసి స్కాన్లు వేసుకుంటే 150. అంటే 15 జీబీ పైచిలుకు. 32 జీబీ పెన్‌డ్రైవ్ వెంట తీసుకుపోవాలి. చోటు చాలక దుకాణంలో సైజు తగ్గిస్తే వచ్చిన పనంతా వృథా. వాట్సాప్‌లో ఫొటోగా పంపించుకోవడం కూడా అంతే, బొమ్మ పిండి పిండి అవుతుంది. తప్పదనుకుంటే డాక్యుమెంట్‌గా పంపమనాలి.

పల్చటి కాయితం వెనక రాత ముందుకు తొంగిచూస్తుంటుంది. ఒక నల్ల చార్టు ముక్క తీసుకుపోయి ఉత్తరం వెనక పెట్టిస్తే అది చాలావరకు తగ్గుతుంది. మూతను అదిమి నొక్కనీయొద్దు. ఉబ్బెత్తు మడత ఉన్నచోట అది విరుగుతుంది. రంగు సరిచేయడం, మచ్చలు తీయడం లాంటి 'అందం పెంచే' మీటలన్నీ ఆపించాలి. కన్నీటికి అలుక్కుపోయిన అక్షరాన్ని ఆ మీట మచ్చ అనుకొని తుడిచేస్తుంది. ఫోన్ యాప్‌లలో ఈ మీట తనంతట తానే పనిచేస్తుంది. అందుకే ఫోన్ స్కాన్‌ను చదువుకోవడానికి వాడొచ్చు, దాచుకోవడానికి కాదు.

మడత విప్పితే విరిగేంత పెళుసుగా ఉన్నవి దుకాణానికి తీసుకుపోవద్దు. ఇస్త్రీ పెట్టడం అసలే వద్దు, ఎండిన పోగులు ఇంకా పెళుసవుతాయి. బాల్‌పెన్‌తో రాసినవైతే మూతున్న పెద్ద డబ్బాలో అడుగున గిన్నెడు నీళ్లు, దాని పైన తగలకుండా జాలీ, జాలీ మీద ఉత్తరం పెట్టి మూసి, అరగంటకోసారి చూడాలి. రెండు మూడు గంటల్లో కాయితం మెత్తబడుతుంది. అప్పుడు మడత విప్పి, రెండు అద్దుడు కాయితాల మధ్య పెట్టి, పైన బరువు పెట్టి రెండు రోజులు వదిలేయాలి. ఫౌంటెన్ పెన్, జెల్ పెన్, కాపీయింగ్ పెన్సిల్ రాతలకు ఈ పని చేయొద్దు. అట్లాంటి పెళుసు ఉత్తరాలకు, ముక్కలైనవాటికి, బూజు పట్టినవాటికి హైదరాబాద్‌లో కాయితం మరమ్మతు తెలిసినవాళ్ల దగ్గరికే పోవాలి. పని ఒప్పుకునే ముందు చేయబోయేది రాసి ఇవ్వమనాలి, ముందూ వెనకా ఫొటోలు అడగాలి. జపాన్ టిష్యూ (మరమ్మతుకు వాడే పల్చటి కాయితం), గోధుమ పిండి జిగురు అన్న మాటలు వాళ్ల నోట వస్తే సరైన చోటికి వచ్చినట్టే. ఆ అతుకు తడితో మళ్లీ విప్పుకోవచ్చు. టేపు అన్న మాట వస్తే తిరిగి వచ్చేయాలి.

ఫైళ్ల పేర్లు సంవత్సరం, నెల, తేదీ, పేజీ అనే వరుసలో పెట్టించుకోవాలి. 1971-12-08-1 అన్నట్టు. అప్పుడు కంప్యూటర్ వాటిని రాసిన వరుసలోనే పేరుస్తుంది. స్కాన్లు కనీసం రెండుచోట్ల ఉండాలి, ఒకటి వేరే ఊళ్లో. పెన్‌డ్రైవ్ మోసుకుపోవడానికే, దాచడానికి కాదు.

ఒక విషయం ఏ దుకాణం రేటుపట్టికలోనూ ఉండదు. ఈ ఉత్తరాలు రాసింది ఆయన, కానీ అవి ఆమెవి. ఆమె ఉంటే ఏవి స్కాన్ చేయాలో, ఏవి ఎవరికీ చూపకుండా కట్టలోనే ఉంచాలో ఆమె చెప్పాలి. పిల్లలు, మనుమలు తొందరపడొద్దు. దుకాణంలో స్కాన్ అయిన ఫైళ్లు వాళ్ల కంప్యూటర్ డెస్క్‌టాప్ మీదే ఉండిపోతాయి. పెన్‌డ్రైవ్‌లోకి వచ్చాయని చూసుకున్నాక అక్కడ డిలీట్ చేయించి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయించాలి. ఫేస్‌బుక్‌లో, వాట్సాప్ గ్రూపుల్లో పెట్టాలనుకుంటే సర్వీసు నంబరు, ఇంటి అడ్రసు కప్పేయాలి.

దుకాణానికి బయలుదేరే ముందు కాయితాలు ఎన్నో, కవర్లు ఎన్నో లెక్కపెట్టి రాసుకోవాలి. తిరిగొచ్చేటప్పుడు కౌంటర్ దగ్గరే మళ్లీ లెక్కపెట్టాలి. ఒకటి తగ్గితే కంగారు పడొద్దు, స్కానర్ మూత లేపి చూడాలి. చివరగా పెట్టిన ఉత్తరం చాలాసార్లు అద్దం మీదే మిగిలిపోతుంది.